పచ్చరంగు కడిగేశాక ఐరిష్‌తనంలో ఏం మిగులుతుంది?

కృష్ణలంక (టిప్పరరీ)
మార్చి 18, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్ళూ వీసాలు, అద్దె ఇళ్ళ గురించే అడిగాను. ఇవాళ్టి ప్రశ్న వేరు.

వచ్చే నెల కిలార్నీలో నా పౌరసత్వ ప్రమాణం. తొమ్మిదేళ్ళ క్రితం ఐర్లండ్‌కి ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఐరిష్ జాతికి విశ్వాసంగా, ఈ రాజ్యానికి విధేయంగా ఉంటానని వందలమందితో కలిసి పలకాలి. ఆ తర్వాత మన పాస్‌పోర్టు అప్పగించాలి. చట్టం సంగతులన్నీ కనుక్కున్నాను, వాటి గురించి కాదు. మొన్న ఫోన్లో మా నాన్న అడిగారు: "వాళ్ళ జాతికి విశ్వాసంగా ఉంటానని ఒట్టేస్తున్నావు. సరే. ఆ జాతి అంటే ఏంటమ్మా?" చెప్పలేకపోయాను.

నిన్న సెయింట్ పాట్రిక్ పండగకి మా ఊళ్ళో ఊరేగింపు జరిగింది. ట్రాక్టర్లు, బడి బ్యాండు, పచ్చ విగ్గులు. మా అమ్మాయి తన హర్లింగ్ (కర్రలతో ఆడే ఐరిష్ ఆట) జట్టుతో నడిచింది, నాకు ముచ్చటేసింది. కానీ నాన్నకి ఆ ఫోటోలు పంపి "ఇదీ జాతి" అనలేను కదా. ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళు మీరేం చెబుతారో వినాలని ఉంది.

లిఫీ గట్టు (డబ్లిన్)
మార్చి 18, ఉదయం 8:15

ముందు ఆ పండగ సంగతి చెప్తానండీ. పాట్రిక్ ఐరిష్‌వాడు కాదు. రోమన్ల ఏలుబడిలో ఉన్న బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్ళప్పుడు దొంగలు ఎత్తుకొచ్చి ఇక్కడ బానిసని చేశారు. ఆరేళ్ళు మందలు కాసి పారిపోయాడు. తర్వాత తనంతట తానే ఈ దేశానికి తిరిగొచ్చాడు. ఇదంతా ఆయనే లాటిన్‌లో రాసుకున్నాడు. అంటే ఈ దేశం పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషి, మొదట బలవంతంగా, తర్వాత ఇష్టపడి వచ్చిన పరాయివాడు.

ఆ రోజు సెలవు 1903 నుంచి ఉంది. 1927 నుంచి 1961 దాకా మార్చి 17న పబ్బులు మూసే ఉంచాలని చట్టం ఉండేది. కోటుకి మూడాకుల షామ్‌రాక్ రెమ్మ గుచ్చుకుని చర్చికి వెళ్ళొచ్చేవాళ్ళు, అంతే. న్యూయార్క్‌లో ఊరేగింపు 1762లోనే మొదలైంది. డబ్లిన్‌లో ప్రభుత్వం తరఫున ఊరేగింపు 1931లో గానీ రాలేదు. నిన్న మీరు చూసినదాంట్లో చాలా భాగం వలసపోయినవాళ్ళు తయారుచేసి వెనక్కి పంపిందే. అందుకే అసలుది వేరేచోట వెతకాలి.

ఏలూరు కాలవ (చికాగో)
మార్చి 18, రాత్రి 7:40

గట్టుగారూ, ఒక్క మాట. వలసపోయినవాళ్ళు చేసిందైతే అసలుది కాకుండా పోతుందా? మా ఊళ్ళో 1962 నుంచి నదికి పచ్చరంగు వేస్తున్నారు. మొదలెట్టింది ప్లంబర్ల యూనియన్. మురుగునీరు ఎక్కడ నుంచి నదిలోకి కారుతోందో పట్టుకోడానికి వాడే రంగు అది. ఆ పని చేసే చేతులు ఐరిష్ కూలీల మనవలవి. ఐరిష్‌వాళ్ళకి పని ఇవ్వం అని ఒకప్పుడు అన్న దేశంలో వీధి మధ్యలో తలెత్తుకుని నడవడం వాళ్ళకి వేషం కాదు.

వాళ్ళ పాత ఆచారం ఒకటి చదివినప్పటి నుంచి నన్ను వదలట్లేదు. ఇంట్లోంచి పిల్లో పిల్లాడో అమెరికా ఓడ ఎక్కబోయే ముందు రాత్రి, శవం దగ్గర మేల్కొన్నట్టే ఊరంతా మేల్కొని కూర్చునేదట. దాన్ని అమెరికన్ వేక్ అనేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించరని తెలుసు. 1998లో మా అమ్మ గన్నవరం రైలు దగ్గర నన్ను ఎలా పట్టుకుందో గుర్తొచ్చింది. నాకు తిరుగు టికెట్ ఉంది, వాళ్ళకి లేదు.

మేరీ రాబిన్సన్ 1990లో ఐర్లండ్ అధ్యక్షురాలయ్యాక, దేశం విడిచి వెళ్ళినవాళ్ళ కోసం తన ఇంటి కిటికీలో ఎప్పుడూ వెలిగే దీపం పెట్టింది. వెళ్ళిపోయినవాళ్ళని కూడా లెక్కలో ఉంచుకునే జాతి అది. మీ నాన్నగారికి ఈ దీపం గురించి చెప్పండి.

మేయో మనిషి (కాసిల్‌బార్)
మార్చి 19, తెల్లవారుజామున 4:20

అక్కా, నాది కరీంనగర్ దిక్కు. ఏడేండ్ల సంది మేయోల ఉంటున్న, ఆసుపత్రిల నైట్ డ్యూటీలు. మీ నాయిన అడిగినదానికి నా జవాబు ఒక్కటే. ఈడ ఎవలన్న చచ్చిపోయినప్పుడు చూడాలె.

కొత్తల నాకు ఇడ్డూరం అనిపించేది. లోకల్ రేడియోల వార్తలతోని పాటు చనిపోయినోళ్ళ పేర్లు సదువుతరు. ఆర్ఐపీ డాట్ ఐఈ అని వెబ్‌సైట్ ఉంది, మా వార్డుల రోజూ పొద్దుగాల దాన్ని తెరిచి చూడనోళ్ళు లేరు. శవాన్ని ఇంట్ల పెట్టుకొని రాత్రంత మేల్కొంటరు, ఒంటరిగ ఉంచరు. వచ్చినోళ్ళు వరుసల నిలబడి ఇంటోళ్ళ చేతులు ఒక్కొక్కలవి పట్టుకొని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంటరు. గంతే, ఇంకో మాట అక్కర లేదు. చచ్చిపోయినామె ఎవలో నీకు తెల్వకున్నా, ఆమె కొడుకు నీతోని పనిచేస్తే నువ్వు పోవాలె. పోయినవా లేదా అన్నది ఏండ్లకొద్ది యాదుంచుకుంటరు.

2023ల మా బాపు పోయిండు. ఫోన్ వచ్చినప్పుడు డ్యూటీల ఉన్న. తెల్లారితే దహనం, టికెట్ దొరికినా అందది. వీడియోల చూసిన. ఇంటికచ్చి కుర్చీల కూసున్న. పదకొండు గంటలకు ఎవలో తలుపు కొట్టిండ్రు. పక్కింటి ముసలామె, చేతుల పెద్ద డబ్బ నిండ శాండ్‌విచ్‌లు. ఎనకనే ఆమె కొడుకు, రెండు డజన్ల కప్పులు పట్టుకొని. పారిష్ హాలు కప్పులు, అంటే ఊరి చర్చి హాలువి. "మీ ఇంట్ల గిన్ని ఉండయని తెచ్చినం" అన్నడు. గిన్ని కప్పులు ఎందుకో నాకు సమజ్ కాలే.

పగటిపూటకు సమజైంది. వార్డోళ్ళు, పిల్లల టీచరు, టపా తెచ్చే ఆయన, పెట్రోల్ బంకుల పనిచేసే పోరడు. ఒక్కొక్కలు వచ్చి చెయ్యి పట్టుకొని అదే మాట. మా బాపు ఫోటో ఏదని ముసలామె అడిగింది. ఫోన్ల ఉందంటే, మందుల దుకాణానికి తీస్కపోయి ప్రింట్ తీపిచ్చుకొచ్చింది. బల్ల మీద పెట్టి కొవ్వొత్తి ముట్టిచ్చింది. ఇగ అందరు అడుగుడు షురూ చేసిండ్రు. ఏం పంట పండిచ్చేటోడు, పత్తి ఎట్ల ఏరుతరు, కోపం మనిషా, నవ్వేటోడా. నేను చెప్పుకుంట పోయిన. శవం లేదు, పాడె లేదు. అయినా ఆ దినం నా ఇంట్ల మా బాపు చావు జరిగింది. వాళ్ళు రాకపోతే నేను ఏడ్వకపోతుంటి.

చావింటికి మందలించనీకి, అంటే పరామర్శకు, పోవుడు మనకు తెల్వనిది గాదు. మా ఊళ్ళె కూడ పోతరు. కని పరాయి దేశం నుంచి వచ్చినోని ఇంటికి, ఎన్నడు చూడని మనిషి కోసం, కప్పులు ఎన్ని కావాలెనో లెక్కేసుకొని వచ్చుడు వేరే సంగతి.

కృష్ణలంక (టిప్పరరీ)
మార్చి 19, ఉదయం 7:05

తమ్ముడూ, ఫ్యాక్టరీ బస్సులో చదివాను. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కనున్నావిడ ఏమైందని అడిగింది. నువ్వు రాసింది ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మరి వెళ్ళరా?" అంది.

లీ నది (కార్క్)
మార్చి 19, రాత్రి 9:30

మా పక్క మిడిల్టన్ ఊళ్ళో పార్కులో తొమ్మిది పెద్ద ఉక్కు ఈకలు గుండ్రంగా నిలబెట్టి ఉంటాయి. గద్ద ఈకలు. 2017లో ఆవిష్కరించారు. మా అత్తామామలు వచ్చినప్పుడు మొదట అక్కడికే తీసుకెళ్ళాను.

1845లో బంగాళదుంపకి తెగులు సోకింది. పేదవాడి తిండి అదొక్కటే. పంట కుళ్ళిపోయింది, కానీ ధాన్యం ఓడలెక్కి ఎగుమతి అవుతూనే ఉంది. అద్దె కట్టలేని కౌలుదార్ల ఇళ్ళు పడగొట్టారు. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, ఇంకో పది లక్షలమందికి పైగా దేశం విడిచిపోయారు. 1841లో ద్వీపం జనాభా దాదాపు 82 లక్షలు. ఇవాళ ఉత్తరం, దక్షిణం కలిపి లెక్కేసినా ఆ అంకె తిరిగి రాలేదు.

1847లో అమెరికాలోని చోక్టా తెగవాళ్ళు 170 డాలర్లు పోగుచేసి కరువు సాయానికి పంపారు. వాళ్ళని సొంత నేల మీద నుంచి తరిమేసి, దారి పొడుగునా జనం రాలిపోయి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. ఈకలు వాళ్ళ కోసమే. 2020లో కోవిడ్ నవాహో, హోపీ తెగలని కుమ్మేసినప్పుడు ఐర్లండ్ నుంచి వేలమంది డబ్బు పంపారు. అప్పుడు సాయం చేసిన చోక్టా తెగ వేరు, వీళ్ళు వేరు. "మీవాళ్ళు మాకు పంపారు" అని రాసి పంపారు.

నూట డెబ్బై డాలర్లని నూట డెబ్బై ఏళ్ళు గుర్తుపెట్టుకోవడం. నన్నడిగితే మీ నాన్నగారి ప్రశ్నకి ఇదే జవాబు.

మదనపల్లె మాస్టారు (మదనపల్లె)
మార్చి 20, ఉదయం 5:30

నేనెప్పుడూ ఆ దేశం చూడలేదు. అయినా రెండు మాటలు.

లీ నది గారు చెప్పిన కరువులో బ్రిటిష్ సర్కారు ఖజానా తరఫున సాయం పనులు నడిపిన అధికారి ఛార్లెస్ ట్రెవెలియన్. మార్కెట్టు జోలికి పోకూడదన్నది ఆయన పట్టుదల. అదే మనిషి 1859లో మన మద్రాసుకి గవర్నరుగా వచ్చాడు. ఆయన వెళ్ళిపోయాక 1876లో మా రాయలసీమలో ధాత కరువు వచ్చింది. అప్పుడూ అదే సిద్ధాంతం, అదే ఎగుమతి. ఐర్లండ్ కరువు గురించి చదివినప్పుడల్లా మా అవ్వ చెప్పిన కథలు వింటున్నట్టే ఉంటుంది నాకు.

రెండోది మా ఊరి సంగతి. ఇక్కడి థియోసాఫికల్ కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఉన్న జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి. ఆయన భార్య మార్గరెట్ రాస్‌కామన్ జిల్లా మనిషి. ఆడవాళ్ళకి ఓటు కావాలని పోరాడి లండన్‌లోనూ ఐర్లండ్‌లోనూ జైలుకెళ్ళింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మా ఊరొచ్చి జనగణమన పాడి వినిపిస్తే, దానికి స్వరలిపి రాసింది ఈవిడే. ఇంగ్లీషు అనువాదం కూడా రవీంద్రులు ఇక్కడే చేశారు. అఖిల భారత మహిళా సభ పెట్టినవాళ్ళలో ఆవిడ ఒకరు. పరాయి దేశపు ఆడవాళ్ళ హక్కుల కోసం ఒక జీవితం ఇచ్చేసింది.

అటు నుంచి ఆవిడ వస్తే, ఇటు నుంచి మన వి.వి. గిరి 1913లో డబ్లిన్‌కి లా చదవడానికి వెళ్ళారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం చూసి మారిపోయారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆ మనిషే తర్వాత మన రాష్ట్రపతి. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకి మాతృక 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం. అమ్మా, మీ నాన్నగారితో చెప్పండి, మీరు పూర్తిగా తెలియని ఇంటికేమీ పోవడం లేదు.

కృష్ణలంక (టిప్పరరీ)
మార్చి 20, రాత్రి 10:10

మాస్టారూ, మీకు శతకోటి వందనాలు. గిరిగారి సంగతి విని నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నాన్న రైల్వే యూనియన్‌లో పనిచేసిన మనిషి.

నేనూ ఒకటి చెప్పాలి, భాష గురించి. మా అమ్మాయి ఐరిష్ మీడియం బడికి వెళ్తుంది. రాజ్యాంగం ప్రకారం ఐరిష్ మొదటి అధికార భాష. కానీ 2022 జనాభా లెక్కల్లో 18.7 లక్షలమంది ఆ భాష వచ్చని చెప్తే, బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేలే. కరువులో ఎక్కువగా పోయింది, వలసెళ్ళింది ఆ భాష మాట్లాడే పేదలే. మిగిలినవాళ్ళు ఇంగ్లీషు వస్తేనే బతుకని పిల్లలకి ఆ భాష చెప్పడం మానేశారు. మన ఇళ్ళల్లో ఇప్పుడు జరుగుతున్నది చూస్తూ ఈ మాట రాయడం నాకు తేలిక కాదు.

అమ్మాయి హోంవర్క్ పక్కన కూర్చుని నేనూ నేర్చుకుంటున్నాను. ఇంగ్లీషులోని "హ్యావ్" అనే క్రియ ఐరిష్‌లో లేదు. "తా ల్యౌర్ అగమ్" అంటారు, నా దగ్గర పుస్తకం ఉంది. మనమూ అంతే కదా! ఆకలేస్తే ఆకలి నా మీద ఉందంటారు, దుఃఖమొస్తే దుఃఖం నా మీద ఉందంటారు. ఆకలీ దుఃఖమూ మనిషి కావు, వచ్చి మీద వాలి, మళ్ళీ లేచిపోయేవి. అవును, కాదు అనే మాటలు కూడా ఐరిష్‌లో విడిగా లేవు. "తిన్నావా?" అంటే "తిన్నాను" అనాలి. మా అమ్మాయికి ఇంగ్లీషు కంటే తెలుగు నుంచే అది సులువుగా వచ్చింది. ఎవరైనా "డీయా గ్విచ్" అంటే, దేవుడు నీకు తోడుండాలని. బదులుగా దేవుడూ మేరీ ఇద్దరూ తోడుండాలనాలి. పలకరించినవాడి కంటే ఒక మెట్టు ఎక్కువే ఇవ్వాలి.

ఆ బడి గోడ మీద ఒక సామెత ఉంది: "ఎర్ స్కాహ్ అ ఖేల అ వారన్ న డీన." ఒకరి నీడలో ఒకరు బతుకుతారని. ఆ నీడ అన్న మాటకి ఆసరా అన్న అర్థం కూడా ఉందని టీచరు చెప్పింది. మనం "మీ నీడన బతుకుతున్నాం" అన్నట్టే. తేడా ఏంటంటే, ఇక్కడ ఇద్దరూ ఒకరికొకరు నీడ.

తార్నాక (డబ్లిన్)
మార్చి 21, రాత్రి 11:50

అందరూ మంచివే రాస్తున్నారు. నేను రాయబోయేది కూడా చదవండి.

నిరుడు, 2025 ఎండాకాలంలో, డబ్లిన్‌లో మనవాళ్ళ మీద వరసగా దాడులు జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని, నిర్మానుష్యంగా ఉన్న చోట్లకి వెళ్ళొద్దని చెప్పింది. నేను మాస్టర్స్ చదువుతున్నాను, రాత్రిపూట రెస్టారెంట్‌లో పని. సెప్టెంబర్‌లో బస్‌స్టాప్‌లో ముగ్గురు కుర్రాళ్ళు నా మీద గుడ్లు విసిరి, మీ దేశం పొమ్మన్నారు. బస్‌స్టాప్‌లో ఇంకో ఆరుగురున్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. నీడ అంటున్నారు కదా, ఆ రోజు నాకు ఏ నీడా లేదు. అప్పటి నుంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం మానేశాను, వెనకాల అడుగుల చప్పుడు వినపడాలని.

మేయోలో పక్కింటావిడ మంచిది. నాకు పక్కింటివాళ్ళ పేరే తెలియదు. ఏడుగురం రెండు గదుల్లో ఉంటాం.

లిఫీ గట్టు (డబ్లిన్)
మార్చి 22, ఉదయం 9:00

తమ్ముడూ, నువ్వు రాసింది నిజం. ఇరవై రెండేళ్ళ నుంచి ఉంటున్నాను, నిరుడు మా అబ్బాయిని సాయంత్రం ఒంటరిగా పంపడానికి మొదటిసారి భయపడ్డాను. అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ ఆ దాడులని బహిరంగంగా ఖండించారు, తాలా ప్రాంతంలో జనం మనకి మద్దతుగా వీధిలోకి వచ్చారు. అవేవీ నీ బస్‌స్టాప్‌లో మౌనాన్ని చెరపవు. నేను వాదించను.

ఇంకా చెప్పాలంటే, ఈ దేశం తన సొంత పిల్లలకి చేసింది మరీ ఘోరం. పెళ్ళికాని తల్లులని దాచిపెట్టిన ఆశ్రమాలు, జీతం లేకుండా బట్టలుతికించిన మాగ్డలీన్ లాండ్రీలు. ట్యూమ్ ఊళ్ళో అలాంటి ఒక ఆశ్రమంలో చనిపోయిన 796 మంది పసిపిల్లల మరణ పత్రాలు ఒక్కొక్కటే తీయించి బయటపెట్టింది క్యాథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి. 2021లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఎముకలు వెలికితీసే తవ్వకం 2025లో గానీ మొదలవలేదు.

సవితా హలప్పనవర్‌ని మనం మర్చిపోలేం. కర్ణాటక అమ్మాయి, పళ్ళ డాక్టరు, 31 ఏళ్ళు. 2012 అక్టోబర్‌లో గాల్వేలో, గర్భం నిలవదని తెలిసినా చట్టం పేరు చెప్పి గర్భస్రావం చేయలేదు. ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది. ఆ రోజుల్లో కొవ్వొత్తి పట్టుకుని నేనూ నిలబడ్డాను. చుట్టూ ఐరిష్ ఆడవాళ్ళు, అమ్మమ్మల వయసువాళ్ళు. 2018 మే 25న గర్భస్రావాన్ని అడ్డుకున్న రాజ్యాంగ నిబంధన తీసేయడానికి 66 శాతం మంది ఓటేశారు. ఆ ఓటు కోసమే ఎక్కడెక్కడి దేశాల నుంచో వలసెళ్ళిన పడుచువాళ్ళు విమానాలెక్కి వచ్చారు. డబ్లిన్‌లో ఒక గోడ మీద సవిత బొమ్మ వేస్తే, దాని నిండా చీటీలు అంటించి వెళ్ళారు, క్షమించమని. ఆ గోడ ముందు నిలబడి ఎన్ని చదివానో. ఆమెని తేలేం. కానీ తప్పు మాదేనని పేరుపెట్టి ఒప్పుకున్న జనాన్ని నేను చూశాను.

నీ సంగతికొస్తే, నా నంబరు మెసేజ్ చేశాను. ఈ ఆదివారం భోజనానికి రా. రాత్రి పని నుంచి వచ్చేటప్పుడు ఫోన్ చెయ్, వీలైనప్పుడు కారేసుకుని వస్తాను.

లాగన్ తీరం (బెల్‌ఫాస్ట్)
మార్చి 22, మధ్యాహ్నం 1:15

క్లుప్తంగా ఒకటి. ఇక్కడ, బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో, ఐరిష్ అనే మాటకి మనుషులు ప్రాణాలిచ్చారు, తీశారు కూడా. 1998 ఏప్రిల్ ఒప్పందం ఇక్కడ పుట్టినవాళ్ళు తాము ఐరిష్‌వాళ్ళమనో, బ్రిటిష్‌వాళ్ళమనో, రెండూ అనో చెప్పుకోవచ్చని రాసిచ్చింది. ఆ "రెండూ" అన్న మాట కోసం ముప్ఫై ఏళ్ళు పట్టింది. కృష్ణలంక గారూ, మీ అమ్మాయి ఎప్పుడైనా ఒకటే ఎంచుకోమని ఎవరైనా అంటే, ఈ ద్వీపంలోనే ఆ ఒప్పందం ఉందని గుర్తుచేయండి.

లీ నది (కార్క్)
మార్చి 22, సాయంత్రం 6:40

తార్నాక తమ్ముడికి ఒక సలహా. మీ పేటలో హర్లింగ్‌లాంటి గేలిక్ (ఐరిష్ సంప్రదాయ) ఆటల క్లబ్బు తప్పకుండా ఉంటుంది. ఆట రాకపోయినా వెళ్ళు. 1884లో టిప్పరరీలోని థర్లెస్ ఊళ్ళో పెట్టిన సంఘం అది, పారిష్‌కొక క్లబ్బు. 82 వేలమంది పట్టే క్రోక్ పార్క్‌లో ఫైనల్ ఆడేవాడికి కూడా జీతం లేదు. ఆదివారం ఆడి సోమవారం బడికి పాఠం చెప్పడానికో, పాలు పితకడానికో వెళ్తాడు. శిక్షణ ఇచ్చేవాళ్ళు, జెర్సీలు ఉతికేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు అందరూ ఉచితంగానే. 2020లో కోవిడ్ వల్ల మసీదుల్లో చోటు చాలనప్పుడు ఆ క్రోక్ పార్క్ మైదానంలోనే ఈద్ నమాజు జరిగింది. నేను శనివారాలు పిల్లలకి నీళ్ళ సీసాలు అందిస్తాను. నా పేరు సరిగ్గా పలకడం ముందు నేర్చుకున్నది వాళ్ళే.

తార్నాక (డబ్లిన్)
మార్చి 29, రాత్రి 10:30

గట్టు అన్నా, వదినగారి గోంగూరకి థాంక్స్. లీ నది గారూ, మంగళవారం క్లబ్బుకి వెళ్ళాను. చేతికి హర్లింగ్ ఆడే యాష్ చెక్క కర్ర ఇచ్చారు. భయం పోలేదు. మళ్ళీ మంగళవారం వెళ్తాను.

కృష్ణలంక (టిప్పరరీ)
ఏప్రిల్ 27, రాత్రి 9:45

ప్రమాణం అయింది. పక్క సీట్లో బ్రెజిల్ ఆయన, వెనక నైజీరియా కుటుంబం. అందరం ఒకేసారి పలికాం. నాన్న వీడియో కాల్‌లో చూశారు. మన పాస్‌పోర్టు కవర్లో పెడుతున్నప్పుడు చేయి వణికింది, అది దాచను. మీరు రాసినవన్నీ ప్రింట్ తీసి నాన్నకి పోస్టులో పంపాను. మేయో తమ్ముడిది రెండుసార్లు చదివించుకున్నారట.

ఇవాళ సాయంత్రం మా ఎదురింటాయన వాళ్ళ అన్న పోయాడని తెలిసింది. నేనాయన్ని ఒక్కసారే చూశాను. రేపు మధ్యాహ్నం నుంచి శవం ఇంట్లో ఉంచుతారు. సెలవు పెట్టాను. ఇప్పుడు వంటింట్లో గుడ్డు శాండ్‌విచ్‌లు చేస్తున్నాను, అమ్మాయి అంచులు కోస్తోంది. నాలుగు రొట్టెలు తెచ్చాను. చాలతాయా?

మేయో మనిషి (కాసిల్‌బార్)
ఏప్రిల్ 27, రాత్రి 9:58

చాలయి అక్కా. ఇంకో నాలుగు తెప్పియ్యి. కప్పులు హాలుల అడుగు, తాళంచెవి ఎవలి దగ్గరుంటదో ఆ ఇంటోళ్ళకు తెలుస్తది.